ఒక పేపరు పోతేనేం?

తెనాలి స్టేషనులో రేపల్లె బండి కోసం కాచుకునేవాడికి కబుర్లకు లోటుండదు. రెండేళ్ళ క్రితం, వినాయక చవితి వెళ్ళిన నాలుగో రోజున, నేను అలాగే బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటూ ఉండగా ఎవరో “నమస్కారం మాష్టారూ” అన్నారు. తలెత్తి చూస్తే మా రేపల్లె వైపు రైతు. పక్కన ఆయన కూతురు. చేతిలో ఒక ప్లాస్టికు సంచీ, అందులో మార్కుల జాబితాలు.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్సు చెప్పి రిటైరయినవాణ్ణి. అందుచేత మా వాళ్ళలో ఎవరికి చదువు సందేహం వచ్చినా నన్ను వదిలిపెట్టరు.

“తెనాలిలో ఒక ఆఫీసుకు వెళ్ళొస్తున్నాం. అమ్మాయిని అమెరికా పంపిస్తామన్నారు. నలభై లక్షలవుతుందట. ఎకరంన్నర అమ్మితే సరిపోతుంది” అన్నాడాయన, ఎకరంన్నర అంటే ఎడ్లబండి అన్నంత తేలికగా. ఆయనకున్నది మొత్తం రెండెకరాలు.

అమ్మాయి మాట్లాడలేదు. సంచీ అందుకుని చూశాను. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో ఏట రియల్ అనాలిసిస్ పోయింది. మళ్ళీ రాసి అరవై ఎనిమిది తెచ్చుకుంది. ఇప్పుడు ఆఖరి సంవత్సరం.

“ఇక్కడ మంచి చోట సీటు రాదు తాతగారూ. పేపరు పోయిందిగా. అందుకే...” అన్నది చివరికి.

ఆ “అందుకే” నాకు బాగా తెలుసు. ఈ సంగతి క్లాసులో ఎన్నడూ చెప్పలేదు గాని, బియ్యెస్సీలో నేనూ ఒక పేపరు తప్పాను. తప్పు ఎవరిదీ కాదు, నా సెకండు షో సినిమాలదే. తరువాత స్నేహితుడికి సీటొచ్చిన చోటికే, ఆ ఒక్క చోటికే, అర్జీ పెట్టాను. రాలేదు. ఏడాది పాటు ఇంట్లో కూర్చుని మా నాన్న మొహం చూడలేక చేలో తిరిగాను. పేపరు పోయినందుకు నష్టపోయింది ఆరు నెలలు. తెలివితక్కువగా అర్జీ పెట్టినందుకు నష్టపోయింది ఏడాది!

రెండు రకాల తలుపులు

బండి అరగంట ఆలస్యమన్నారు. అమ్మాయి నోటుబుక్కులో ఒక కాగితం చింపించాను.

పై చదువుకు తలుపులు రెండు రకాలు. ఒకటి, జరిగిపోయిన మార్కులు చూసి తెరిచేది. విదేశీ విశ్వవిద్యాలయాలు చాలా వరకు ఈ రకం. కాలిక్యులస్‌లో ఎంత, లీనియర్ ఆల్జీబ్రాలో ఎంత, అనాలిసిస్‌లో ఎంత అని అడుగుతాయి. పైగా అక్కడ ఖర్చుకు సాయం ఎక్కువగా దొరికేది పీహెచ్‌డీ వాళ్ళకు. ఎమ్మెస్‌కు వెళ్ళేవాడు చాలా చోట్ల తన డబ్బే పెట్టుకోవాలి.

రెండోది, ఇవాళ నువ్వు రాసే పరీక్ష చూసి తెరిచేది. మన దేశంలో స్టాటిస్టిక్సుకు ఇలాంటి తలుపులే ఎక్కువ. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎం.స్టాట్. ప్రవేశానికి పేరుపొందిన పరీక్ష దాని సొంత పరీక్షే. కాన్పూరు, బొంబాయి ఐ.ఐ.టి.లకు ‘జామ్’ ఉంది. అందులో మేథమేటికల్ స్టాటిస్టిక్సు పేపరు వేరే. హైదరాబాదు, పాండిచ్చేరి వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుంచి సి.యు.ఇ.టి.-పి.జి. వచ్చింది. మన ఆంధ్రా, నాగార్జున, వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలకు 2021 నుంచి ఏపీ పీజీసెట్ ఉంది. కొన్ని చోట్ల డిగ్రీలో కనీసం ఇంత శాతం ఉండాలని షరతు పెడతారు. అర్జీ రుసుము కట్టేముందు ఆ సంవత్సరపు ప్రకటన చదువుకోవాలి. ఆ గీత దాటినవాడికి మాత్రం రెండో ఏట పోయిన పేపరు కంటే ఇవాళ రాసిన పరీక్షే ముఖ్యం.

“మరి ఆ ఆఫీసు గోడ నిండా వీసాలు వచ్చినవాళ్ళ ఫొటోలున్నాయి కదండీ?” అన్నాడు రైతు.

“రానివాళ్ళ ఫొటోలు ఏ గోడకున్నాయో అడిగారా?”

ఆయన నవ్వాడు. అమ్మాయి మాత్రం నవ్వలేదు, ఆలోచించింది. స్టాటిస్టిక్సులో మొదటి పాఠం అదే మరి!

అయిదు అర్జీల మాయ

అంతకు ముందు బాపట్ల కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చేవాడు. తెలివైనవాడు. డిగ్రీలో యాభై ఎనిమిది శాతం. ఐ.ఎస్.ఐ. తప్ప ఇంకోటి వద్దని రెండేళ్ళు రాశాడు, రెండేళ్ళూ పోయింది. మూడో ఏడు అలాంటివే అయిదు గొప్ప చోట్లకు రాస్తానన్నాడు. “ఒక్కోచోట అయిదింట ఒక వంతు అవకాశం ఉందనుకోండి మాష్టారూ. అయిదు చోట్ల రాస్తే ఒకటి ఖాయమేగా!”

కాదు. ఒక్కోచోట రాకపోయే అవకాశం అయిదింట నాలుగు వంతులు. దాన్ని అయిదుసార్లు గుణిస్తే సుమారు మూడింట ఒక వంతు మిగులుతుంది. అంటే ముగ్గురిలో ఒకడు అయిదూ పోగొట్టుకుని ఇంటికొస్తాడు. అదీ అయిదు పరీక్షలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే. కుర్రాడు ప్రాబబిలిటీలో ఎక్కడ తడబడతాడో అయిదు చోట్లా అక్కడే తడబడతాడు. ఒకే గట్టున ఉన్న అయిదు మళ్ళకు వరదొస్తే అయిదూ మునుగుతాయి గాని, ఒకటి తేలుతుందా?

అందుకని కాగితం మీద మూడు గళ్ళు గీశాను. మొదటిది ఆశ గడి: ఐ.ఎస్.ఐ., ఐ.ఐ.టి.లు. ఒకటి రెండు చాలు. ఆశ లేకుండా చదువు సాగదు. రెండోది అందే గడి. ఇక్కడే మనసు పెట్టాలి. పాత ప్రశ్నపత్రాలు మూడు, గడియారం ముందు పెట్టుకుని రాయాలి. మూడింటిలో మంచిది కాదు, సగటు తీసుకోవాలి. ఇంట్లో ఫ్యాను కింద రాసినది కనుక అందులోనూ కొంచెం తగ్గించాలి. ఆ మార్కుకు, ఆ చోట కిందటేడు ఆఖరి సీటు దొరికినవాడి ర్యాంకును పక్కన పెట్టి చూడాలి. మొదటి సీటు వాడి కథ మనకెందుకు? మూడోది నిలబెట్టే గడి: దాదాపు తప్పకుండా వచ్చేది. దీనికి ఒకటే నియమం. వస్తే వెళ్ళడానికి సిద్ధంగా లేని చోటు ఇందులో రాయకూడదు. రాసేముందు అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళు ఉన్నారా, కంప్యూటరు మీద పని నేర్పుతారా, నిరుడు చదివి వెళ్ళినవాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారు అని విచారించుకోవాలి.

“జామ్ ఫిబ్రవరిలో. దానికి అర్జీ మాత్రం ఈ సెప్టెంబరు, అక్టోబరులోనే. వరి కోతకు రాకముందే చేలో మినుములు చల్లమా? అలాగే డిగ్రీ చేతికి రాకముందే అర్జీలు పడాలి” అన్నాను. ఈ మాట రైతుకు బాగా పట్టింది.

పేరున్న చోటు

“అయినా పేరున్న చోట చదివితేనే కదండీ పైకొచ్చేది?” అన్నాడాయన.

మన సి.ఆర్. రావుగారి సంగతి చెప్పాను. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో పుట్టి, నూజివీడు, నందిగామల్లో చదివి, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేశారు. ఆయనకు మార్కుల లోటు లేదు. అయినా కోరుకున్న రిసెర్చి స్కాలర్‌షిప్పు దొరకలేదు, అర్జీ ఆలస్యమైందన్నారు. యుద్ధకాలంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అదీ రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన స్టాటిస్టిక్సు శిక్షణకు వచ్చానని చెబితే, ఆ తరగతి ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళారు. 1941 జనవరిలో చేరారు. ఆ ఇన్‌స్టిట్యూటుకు అప్పటికి నిండా పదేళ్ళు లేవు. 1945లో ఆయన అచ్చువేసిన ఒక్క వ్యాసంతో ‘క్రామర్-రావు’ అనే పేరు ప్రపంచంలోని పాఠ్యపుస్తకాలన్నింటికీ ఎక్కింది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్సు బహుమతి అందుకుని, అదే ఏడు ఆగస్టులో నూట రెండేళ్ళ వయసున కన్నుమూశారు.

అందరూ సి.ఆర్. రావులవుతారని నేను అనను. అది కూడా గోడ మీది ఫొటోయే అవుతుంది. నేను చెప్పేదల్లా ఒకటే. ఆయన తట్టిన తలుపు వేరు, తెరుచుకున్నది వేరు. తెరుచుకున్న తలుపు చిన్నదని వెనక్కి తిరగలేదు.

ఇంతలో బండి వచ్చింది. కాగితం అమ్మాయి చేతికిచ్చాను.

తరువాత...

ఆశ గడిలోవి రెండూ రాలేదు. ఈ మాట దాచిపెడితే వ్యాసం అందంగా ఉంటుంది గాని, నిజం కాదు. అందే గడిలో ఒకటి వెంట్రుకవాసిలో తప్పింది. పీజీసెట్ ర్యాంకు మీద నాగార్జునలో సీటొచ్చింది. నంబూరు దగ్గరే కదా అని హాస్టల్లో చేరింది. మొదటి నెల ముభావంగా ఉండేదట. ఇప్పుడు రెండో సంవత్సరం. అనాలిసిస్ తప్పిన పిల్ల, తోటి పిల్లలకు మెజర్ థియరీ చెబుతున్నదట! బాపట్ల కుర్రాడు మూడు గళ్ళూ గీసుకుని రాసి, పాండిచ్చేరి చేరాడు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్షకు స్టాటిస్టిక్సుతో డిగ్రీ ఉంటే చాలునని తెలిశాక, “పోయిన రెండేళ్ళలో అది రాసి ఉండాల్సింది” అని నొచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. నిజమే. నేనూ ముందుగా చెప్పి ఉండవలసింది.

ఇవాళ్టికీ తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “ఎక్కడ చదివిస్తే గొప్ప మాష్టారూ?” పిల్ల ఎక్కడ నిలబడగలదో, రాకపోతే ఇంట్లో ఏం మిగులుతుందో ముందు అడగండి అంటాను. కొందరికి నచ్చదు.

మొన్న అదే ప్లాట్‌ఫారం మీద రైతు మళ్ళీ కనిపించాడు. కూతురికి సున్నుండలు తీసుకువెళుతున్నాడు. నాకూ రెండు పెట్టాడు.

“మన మినుములేనండీ. రెండెకరాలూ అలాగే ఉన్నాయి” అన్నాడు.