వార్తల్లో పదం: పనితీరు నివేదిక

అమెరికాలో పేదరిక నిర్మూలనకు పనిచేసే ‘విస్టా’ వాలంటీర్లను తీసుకున్న ప్రతి సంస్థా ప్రభుత్వానికి గడువు ప్రకారం పంపాల్సిన లెక్క ఇది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించిన 1964లోనే విస్టాకు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది తొలి జట్టు పనిలోకి దిగింది. 1993లో ఈ పథకం జాతీయ సేవా కార్యక్రమమైన అమెరికార్ప్స్‌లో కలిసింది. ఫెడరల్ సంస్థలన్నీ లక్ష్యాలు పెట్టుకుని ఫలితాలు చూపాలన్న చట్టం కూడా ఆ ఏడాదిదే.

నివేదికలో అంకెలు రెండు రకాలు. ఎంతమందికి ఉద్యోగ శిక్షణ ఇచ్చారన్నది చేసిన పని. వారిలో ఎందరికి ఉద్యోగం దొరికిందన్నది ఫలితం. మొదటిది హాజరుపట్టీ చూస్తే తెలుస్తుంది. రెండోదానికి శిక్షణ ముగిశాక కూడా మనుషుల ఆచూకీ తీస్తూ ఉండాలి. అద్దె కట్టలేక తరచూ ఇళ్లు మారేవాళ్ల విషయంలో అదెంత కష్టమో చెప్పనక్కర్లేదు.

విస్టాలో ఇంకో చిక్కుంది. ఈ వాలంటీర్లు సాధారణంగా అన్నం వడ్డించరు, పిల్లలకు పాఠాలు చెప్పరు. జీవనభృతి తీసుకుంటూ ఏడాదిపాటు సంస్థను బలపరుస్తారు: నిధులు సేకరిస్తారు, స్థానికులను కూడగడతారు, పని పద్ధతులు తయారుచేస్తారు. అందుకే నివేదికలో వచ్చిన డాలర్లు, అందిన వస్తుసాయం, చేరిన స్వచ్ఛంద సేవకుల సంఖ్య వంటివి కనిపిస్తాయి. ప్రజాధనానికి జవాబు చెప్పాల్సిందే, అందులో వాదన లేదు. కానీ నలుగురు పనిచేసే చిన్న సంస్థకు ఈ ఫారాలే ఓ అదనపు కొలువు. పైగా విరాళాలు పెరిగాయన్నంత మాత్రాన వీధిలో పేదరికం తగ్గినట్టు కాదు. వాలంటీర్ వెళ్లిపోయాక ఆ పద్ధతులు నిలిచాయా అన్నది అసలు పరీక్ష. అది ఏడాది గడువులో తేలేది కాదు.