మీకు తెలుసా? మన కణాల్లో కాపురముంటున్న పాత బ్యాక్టీరియా

మైటోకాండ్రియా అనగానే బడిలో నేర్చుకున్న 'కణ శక్త్యాగారం' అన్న మాట గుర్తొస్తుంది. తిన్న తిండిలోని శక్తిని అది కణానికి ఇంధనంగా పనికొచ్చే ఏటీపీగా మారుస్తుంది. అయితే మైటోకాండ్రియా కణం తనకు తానుగా తయారుచేసుకున్న భాగం కాదు. వంద కోట్ల ఏళ్లకు పైగా వెనక మరో కణంలోకి చేరి అక్కడే స్థిరపడిపోయిన బ్యాక్టీరియా అది. 1967లో జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ ఈ వాదనను వివరంగా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. కానీ దగ్గరగా చూస్తే పుట్టింటి ఆనవాళ్లు ఇంకా చెరగలేదు. దాని డీఎన్ఏ బ్యాక్టీరియాలో లాగే ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది. పాత మైటోకాండ్రియా చీలితేనే కొత్తది పుడుతుంది. నాకు అన్నిటికన్నా బలంగా తోచే సాక్ష్యం మందుల దగ్గర దొరుకుతుంది: బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములను అడ్డుకునే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ మైటోకాండ్రియా రైబోజోములనూ అడ్డుకుంటుంది, ఆ పక్కనే కణద్రవ్యంలో ఉన్న రైబోజోముల జోలికి మాత్రం పోదు.

ఒకప్పుడు స్వతంత్ర జీవే అయితే, ఇప్పుడు బయటికి తీస్తే ఎందుకు బతకదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మనిషి మైటోకాండ్రియాలో మిగిలినవి 37 జన్యువులే, వాటిలో ప్రొటీన్లకు సంకేతాలిచ్చేవి 13. ఆ బ్యాక్టీరియాకు ఒకప్పుడున్న తక్కిన జన్యువుల్లో కొన్ని పోయాయి, కొన్ని కేంద్రకానికి తరలిపోయాయి. మైటోకాండ్రియాకు కావలసిన వందలాది ప్రొటీన్లు ఇప్పుడు కేంద్రకం ఆదేశంతో తయారై లోపలికి వెళ్తాయి.