కొన్న ఆట ఎవరి సొత్తు?

అంగడిలో కొని ఇంటికి తెచ్చిన ఆటవస్తువు కొన్నవాని సొత్తు. చదరంగపు బల్లయు, పచ్చీసు గుడ్డయు, గవ్వలును తరతరములు ఒకే ఇంట నిలిచియుండుట మన మెరిగినదే. అమ్మిన వర్తకుడు పదియేండ్లకు తిరిగివచ్చి, ఇక ఆడవలదని బల్లను మడిచి తీసికొనిపోయినట్లు ఎవరును విని యుండరు. వీడియో ఆటల విషయమున ఇట్టి సంగతియే నేడు జరుగుచున్నది. ఈ ఆటలయందు చిరకాలముగా అభిమానము గల మావంటి వారికి, వీని భవిష్యత్తును తలచినపుడు మొదట కలుగు సందేహ మిదియే. తెరపై బొమ్మలు ఇంకెంత సహజముగా నుండబోవును అను ప్రశ్న దీని తరువాతిది.

ఈ ఆటల చరిత్ర మిక్కిలి పాతది కాదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమున విలియం హిగిన్‌బోథం అను భౌతిక శాస్త్రజ్ఞుడు, చూడవచ్చిన ప్రజల వినోదార్థము ఆసిలోస్కోపు తెరపై టెన్నిసు ఆటను ఏర్పాటు చేసెను. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కొందరు యువకులు పి.డి.పి.-1 అను కంప్యూటరుపై 'స్పేస్‌వార్' అను ఆటను రూపొందించిరి. 1972లో ఇంటి టెలివిజనుకు తగిలించు ఒడిస్సీ యంత్రమును, అంగళ్లలో నాణెము వేసి ఆడు 'పాంగ్' ఆటయు వెలువడినవి. అప్పటినుండి ఈ వినోదము వ్యాపారమైనది.

తరువాతి కాలమున ఆటలు చిన్న పెట్టెలలో అమ్ముడుపోయెడివి. 1990 ప్రాంతమున మన ఇండ్లకు వచ్చిన ఈ పెట్టెలను పిల్లలు క్యాసెట్టు లనియే పిలిచెడివారు. వానిలో టేపు లేదు. ఆటకు సంబంధించిన ఆజ్ఞలన్నియు చెరగని విధమున ఒక చిప్పులో నిక్షిప్తమై యుండును. యంత్రమున పెట్టె నుంచి మీట నొక్కిన ఆట మొదలగును. మొదలు కానిచో పెట్టెను తీసి నోటితో ఊది మరల పెట్టుట పిల్లలందరు నెరిగిన చికిత్స! ఆ పెట్టెను తమ్మునికి ఇయ్యవచ్చును, స్నేహితునితో మార్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. తయారుచేసిన సంస్థ మూతబడినను ఆట ఆగదు.

ఇంటర్నెట్టు వ్యాపించిన పిమ్మట ఈ పద్ధతి మారినది. నేటి ఆటలు పెక్కింటిలో కొంత భాగము మన యంత్రమునను, కొంత భాగము సంస్థవారి సర్వరునను ఉండును. సర్వరనగా దూరమున నుండి అనేకుల యంత్రములకు ఒకేసారి బదులు చెప్పు కంప్యూటరు. శ్రోతల కిది సుబోధము. గ్రామఫోను రికార్డు మన బీరువాలో నుండును, కోరినపుడు వినవచ్చును. రేడియో పెట్టె మనదే యైనను, కేంద్రము ప్రసారము నిలిపినచో దానినుండి పాట రాదు. ఆటలు క్రమముగా రికార్డు స్థితినుండి ప్రసార స్థితికి జరుగుచున్నవి. ఐతే రేడియో కార్యక్రమమును ఎవరును ధర చెల్లించి కొనరు, ఆటను కొనుచున్నారు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఇందుకు 'ది క్రూ' అను కార్ల పందెపు ఆట మంచి తార్కాణము. ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ సంస్థ దీనిని 2014 డిసెంబరులో విడుదల చేసెను. ఒంటరిగా ఆడువారికిని సర్వరుతో సంబంధ ముండి తీరవలెను. 2024 మార్చి 31న సర్వరులు నిలిపివేయబడగా, వెల యిచ్చి కొన్నవారి డిస్కులు సైతము పనికిరాని వైనవి. 1962 నాటి 'స్పేస్‌వార్' అమెరికాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలలో, మరమ్మతు చేసిన పి.డి.పి.-1 పై నేటికిని ఆడుచున్నది. 2014 నాటి ఆట పదియేండ్లైన నిండక మునుపే మాయమైనది. విజ్ఞానము పెరిగినకొలది వస్తువు ఆయుర్దాయము తగ్గుట వింత గాక మరేమి?

ఈ సంఘటనపై ఆటగాండ్రు ఊరకుండలేదు. ఆటలను చంపకుడను నినాదముతో 2024లో ఉద్యమ మారంభమైనది. ఐరోపా సమాఖ్యకు పంపదలచిన విజ్ఞాపనకు 2025 జూలై నాటికి పది లక్షలకు మించి సంతకములు సమకూడినవి. యూబీసాఫ్ట్ సంస్థయు, ఆ వరుసలో తరువాత వచ్చిన ఆటలకు సర్వరు లేకుండ ఆడు వసతి కల్పింతుమని 2024లో ప్రకటించినది. కాలిఫోర్నియా రాష్ట్రమున 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన శాసనము ప్రకారము, ఇచ్చునది కేవలము వాడుకొను అనుమతియే యైనచో, ఆ సంగతి స్పష్టముగా తెలుపక 'కొనుడు' అను మాటను వాడరాదు.

సంస్థలవారి వాదమును కూడ వినవలెను. సర్వరులు నడుపుటకు నెలనెలా వ్యయ మగును. పది మంది కొరకు దానిని శాశ్వతముగా భరింపు డనుట న్యాయము కాదు. ఆటలో వాడిన పాటలకు, కార్ల పేర్లకు పొందిన హక్కులు కొంత కాలమునకు తీరిపోవును. వేలమంది ఏకకాలమున కలిసి ఆడు ఆటను ఒక్కని యింట నడుపుట సులభము కాదు. ఇవి నిజములే. కాని అభిమానులు కోరునది శాశ్వతసేవ కాదు. సేవ ముగించునాడు ఒంటరిగా నైన ఆడు మార్గ మొకటి విడిచిపొమ్మని మాత్రమే కోరుచున్నారు. ఆటను రచించునపుడే ఈ యేర్పాటు తలపెట్టినచో అది దుస్సాధ్యము కాదని మా యభిప్రాయము.

నెల చందా పద్ధతియు బలపడుచున్నది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2017లో ఆరంభించిన గేమ్ పాస్ ఇట్టిదే. తక్కువ ధనముతో పెక్కు ఆటలు రుచి చూచుటకు ఇది మేలు. గ్రంథాలయమునకు చందా కట్టుట వంటిది. కాని గ్రంథాలయ మున్నదని పుస్తకముల కొట్లు మూసివేయరు కదా!

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన సంగతి యనుకొనరాదు. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు 2023లో వెల్లడించిరి. భద్రపరుపని ప్రసారము గాలిలో కలిసిపోవునని రేడియో పనివారమైన మాకు తెలియును. టేపుపై నిలిచిన కంఠములే తరువాతి తరమునకు చేరినవి. ఆటయు ఒక కాలపు ఊహలను, చిత్రకళను, సంగీతమును మోయు వస్తువే.

ఇంటిలో పిల్లల కొరకు ఆట కొనువారు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఇంటర్నెట్టు లేనిచో ఇది ఆడునా? ఒకసారి చెల్లించిన ధనముతో సరిపోవునా, లోపల మరల మరల అడుగుదురా? దీనిని మరొకరికి ఇయ్యవచ్చునా? పోలెండు దేశపు జి.ఓ.జి. అంగడి 2008 నుండి ఆటను మన కంప్యూటరులో దాచుకొనునట్లు అమ్ముచున్నది. కాబట్టి అట్టి వ్యాపారము అసాధ్యము కాదు. రాబోవు ఆటలు ఎట్లుండవలెనో నిర్ణయించుటలో తయారుచేయువారికెంత పాలు కలదో, అడిగి తెలిసి కొనువారికిని అంతే కలదు.