దాక్కున్నవాడిదే గెలుపు

కొత్త వీడియో గేము ఎప్పుడొస్తుందా అని మా తొమ్మిదో తరగతి పిల్లలు వేళ్ళమీద రోజులు లెక్కపెడుతుంటారు. శత్రువు కంటపడకుండా నక్కి నక్కి వెళ్ళే ఆటలంటే మరీ మోజు. ఈ తరహా ఆటలకు పేరు తెచ్చింది ఒక యంత్రం బలహీనత అంటే నమ్ముతారా?

జపాన్‌లోని కొనామి కంపెనీ హిడియో కోజిమాకు ఒక యుద్ధం ఆట తయారుచేసే పని అప్పగించింది. ఆడవలసింది ఎం.ఎస్.ఎక్స్.2 అనే ఇంటి కంప్యూటరు మీద. తెరపై కదిలే బొమ్మలను 'స్ప్రైట్లు' అంటారు. ఆ యంత్రం ఒకేసారి 32 స్ప్రైట్లనే చూపగలదు. ఒకే అడ్డవరుసలో 8 దాటాయా, తొమ్మిదోది మాయం! ఒక్క సైనికుడి బొమ్మకే ఒకటికి మించి కావాలాయె. ఇక తూటాలకు చోటేదీ?

అందుకని కోజిమా కాల్పులు తగ్గించి, దాక్కోవడాన్నే ఆటగా మలిచాడు. 1987లో వచ్చిన 'మెటల్ గేర్' అదే. అందులో కాపలావాడు తన ముఖం ఉన్న దిక్కుకే తిన్నగా చూస్తాడు. వాడు అటు తిరిగేదాకా ఊపిరి బిగబట్టి ఆగాలి. కూర్చున్నచోటనే గుండె దడదడలాడుతుంది. ఉత్తుత్తి ఆపదకు కూడా శరీరం అడ్రినలిన్ వదులుతుంది మరి!

కావాలంటే ఆటకు ముందొకసారి, దాక్కున్నప్పుడొకసారి మీ నాడి ఒక్కో నిమిషం లెక్కపెట్టమని స్నేహితుడికి చెప్పండి. రెండు అంకెలూ నోటుబుక్కులో రాసుకోండి.