మత్తు వదలాలంటే...

మద్యమైనా మత్తుమందైనా ఏళ్ల తరబడి వాడితే మెదడు దానికే అలవాటు పడిపోతుంది. అందకపోతే ఒళ్లు ఎదురుతిరుగుతుంది. అందుకే వైద్యశాస్త్రం వ్యసనాన్ని జబ్బుగా చూస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను అనారోగ్యం కిందే లెక్కగట్టింది. అయినా చికిత్స దాకా వచ్చేవారు బహు తక్కువ. ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించగా 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. ఆస్పత్రిలో చేరింది 180 మందిలో ఒక్కరే.

తొలి వారం గండం

చికిత్సలో మొదటి మెట్టు డీటాక్స్. అంటే, మత్తు ఆగినప్పుడు వచ్చే బాధల నుంచి రోగిని క్షేమంగా గట్టెక్కించడం. రోజూ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ఒక రోజులోపే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, గోడల మీద పురుగులు పాకుతున్నట్లు ఉంటుంది, తామెక్కడ ఉన్నారో తెలియదు. ఆ దశలో వైద్యం అందకపోతే ప్రాణాలే పోవచ్చు. వైద్యులు క్లోర్‌డయజెపాక్సైడ్, లొరాజెపామ్ వంటి మందులు మొదలుపెట్టి, మోతాదు రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు. వీటికి తోడు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇస్తారు. అది లోపిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ముప్పుంది.

తెలంగాణలో కల్తీ కల్లు మరో చిక్కు. అందులో కలిపేది ఆల్ప్రాజోలం, డయజెపామ్, క్లోరల్ హైడ్రేట్. తాగేవారు కల్లుకు అలవాటు పడ్డామనుకుంటారు గానీ, ఒళ్లు అడిగేది ఆ మత్తుమందునే. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే, మద్యం, కల్లు దొరక్క వింతగా ప్రవర్తిస్తున్నవారితో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. ఏది, ఎంత, ఎన్నేళ్లుగా తాగుతున్నారో డాక్టరు దగ్గర దాచకూడదనడం ఇందుకే.

హెరాయిన్, ట్రమడాల్ వంటివి మానితే ఒళ్లునొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం నరకం చూపిస్తాయి. అయితే వాటితో ప్రాణం మీదికి రావడం అరుదు. అసలు ప్రమాదం ఆ తర్వాతే. కొన్నాళ్లు మానేసరికి తట్టుకునే శక్తి తగ్గుతుంది. అప్పుడు పాత మోతాదే మళ్లీ తీసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. అందుకే బుప్రెనార్ఫిన్ లేదా మెథడోన్‌ను వైద్యుల పర్యవేక్షణలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు కొనసాగిస్తారు. గంజాయికి ప్రత్యేకించి మందు లేదు. చిరాకు, నిద్రలేమి రెండు వారాల వరకూ వేధిస్తాయి. అక్కడ ప్రధాన వైద్యం కౌన్సెలింగే.

ఎక్కడికి వెళ్లాలి?

అందరూ ఆస్పత్రిలో చేరనక్కర్లేదు. వ్యసనం ముదరనివారికి, ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవారున్నవారికి ఓపీ వైద్యం సరిపోతుంది. గతంలో ఫిట్స్ వచ్చినా, గుండె, కాలేయ జబ్బులున్నా, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నా చేరాల్సిందే. ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక ఆస్పత్రుల్లోనూ, ప్రభుత్వ బోధనాస్పత్రుల సైకియాట్రీ విభాగాల్లోనూ ఈ చికిత్స దొరుకుతుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో వ్యసనాలకు ప్రత్యేక విభాగమే ఉంది. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టీటీకే ఆస్పత్రి ఈ రంగంలో తొలితరం సంస్థ. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలూ ఉన్నాయి.

ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చే ముందు మూడు సంగతులు అడగాలి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా? సైకియాట్రిస్టు వచ్చి చూస్తారా? ఇంటివాళ్లను కలవనిస్తారా? రోగిని గొలుసులతో కట్టేయడాన్ని చట్టం నిషేధించింది. కొట్టి మాన్పిస్తామనే చోటికి పంపకపోవడమే మేలు.

'తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి' అనే ప్రకటనల మందులూ ప్రమాదమే. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, అది కడుపులో ఉండగా మద్యం తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. రోగికి చెప్పి, అతని సమ్మతితో, డాక్టరు రాస్తేనే వాడాల్సిన మందది.

డీటాక్స్ తర్వాత

ఒంట్లో మత్తు దిగినంత మాత్రాన కోరిక చావదు. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ వంటి మందులు, కౌన్సెలింగ్, పాత సావాసాలకు దూరం కావడం నెలల తరబడి సాగాలి. తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలో పుట్టిన ఈ బృందం సమావేశాలకు ఫీజు లేదు, పేరు బయటపెట్టరు. మధ్యలో మళ్లీ తాగితే చికిత్స వృథా అయినట్లు కాదు. మధుమేహంలో చక్కెర పెరిగితే మందు మార్చినట్లే ఇక్కడా వైద్యాన్ని సవరించుకోవాలి.

కేసు భయం చాలామందిని ఆపుతోంది. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఎ సెక్షన్ దీనికి దారి చూపింది. వాడకం లేదా కొద్ది పరిమాణం కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను ఉపసంహరించుకోవచ్చు.

మొదటి అడుగు ఒక ఫోన్ కాల్. వ్యసన విముక్తికి జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446. మానసిక సమస్యలకు టెలి మానస్ 14416 రాత్రింబవళ్లూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. రోగే చేయాలని లేదు. ఇంటివాళ్లు చేసినా దారి చెబుతారు.