పుట్టినప్పుడు మగ, పెరిగాక ఆడ: అండమాన్ చేపల్లో లింగాన్ని నిర్ణయించేది ఏంటి?

అండమాన్ పగడపు దిబ్బల్లో తిరిగే క్లౌన్‌ఫిష్‌లలో ప్రతి ఆడ చేపా ఒకప్పుడు మగ చేపే. అదే దిబ్బల రాతి సందుల్లో బతికే గ్రూపర్లలో చాలా జాతులది సరిగ్గా దీనికి ఎదురు దారి. అక్కడ కనిపించే పెద్ద మగ చేప, కొన్నేళ్ల కిందట గుడ్లు పెట్టిన ఆడ చేప. మడ అడవుల క్రీక్‌లలో పెరిగే పండుగప్ప మళ్లీ క్లౌన్‌ఫిష్ దారే పట్టింది. ముందు మగ, తర్వాత ఆడ.

ప్రపంచంలో 30 వేలకు పైగా చేప జాతులుంటే, వాటిలో సుమారు 500 జాతుల్లో ఒకే చేప రెండు లింగాల పాత్రనూ పోషిస్తుందని శాస్త్రవేత్తలు గుర్తించారు. వీటిలో చాలా వాటికి పగడపు దిబ్బలే ఇల్లు.

మరి చేపల్లో లింగాన్ని జన్యువులు నిర్ణయించవా? నిర్ణయిస్తాయి. కానీ ఏ జన్యువు, ఎప్పుడు, ఎవరి మాట విని నిర్ణయిస్తుందన్నది జాతిని బట్టి మారిపోతుంది. ఇది కేవలం ప్రయోగశాలలో తేలే విషయం కాదు. ఏ సైజు చేపను పట్టాలి, దేన్ని వదలాలి అనే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. వేటే జీవనాధారంగా అండమాన్‌లో స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలకూ, పండుగప్ప పెంచే ఆంధ్రా రైతులకూ ఈ జవాబుతో పని ఉంది.

మనుషుల్లో ఒకటే స్విచ్, చేపల్లో ఎన్నో

మనుషుల్లో వై క్రోమోజోమ్ మీద ఉండే ఎస్‌ఆర్‌వై అనే జన్యువు పిండంలో వృషణాలు ఏర్పడే ప్రక్రియను మొదలుపెడుతుంది. 1990లో దీన్ని కనుగొన్నారు. దాదాపు క్షీరదాలన్నింటిలో ఇదే స్విచ్. దాంతో, చేపల్లోనూ ఇలాంటిదే ఒకటి దొరుకుతుందని శాస్త్రవేత్తలు ఆశించారు.

2002లో జపాన్, జర్మనీ బృందాలు మెడాకా అనే చిన్న చేపలో మగ లింగాన్ని నిర్ణయించే జన్యువును పట్టుకున్నాయి. క్షీరదాలు కాని వెన్నెముక జీవుల్లో ఇలాంటి జన్యువు దొరకడం అదే మొదటిసారి. అది ఎస్‌ఆర్‌వై కాదు. డీఎంఆర్‌టీ1 అనే వేరే జన్యువుకు నకలు. పైగా మెడాకాకు దగ్గరి బంధువులైన కొన్ని చేపల్లో అది లేనే లేదు.

అలాంటి బంధువుల్లో ఒకటి మన దగ్గరే ఉంది. భారత తూర్పు తీరంలోని ఉప్పుకయ్యల్లో బతికే ఒరైజియాస్ డాన్సెనా అనే చిట్టి చేపలో మగ లింగాన్ని సాక్స్3 అనే జన్యువు నిర్ణయిస్తుందని 2014లో తేలింది. విశేషమేంటంటే, మన ఎస్‌ఆర్‌వై కూడా కోట్ల ఏళ్ల కిందట సాక్స్3 నుంచే పుట్టింది. పరిణామ క్రమంలో ఎంతో దూరమైన రెండు జీవులు, ఒకే పాత జన్యువును విడివిడిగా అదే పనికి వాడుకున్నాయన్నమాట.

జపాన్‌లో ఫుగు అని పిలిచే పఫర్ చేపలో తేడా ఇంకా చిన్నది. హార్మోన్ సంకేతాన్ని అందుకునే ఒక జన్యువులో ఒక్కటంటే ఒక్క అక్షరం మారితే ఆడ, మగ తేడా వచ్చేస్తుంది. రెయిన్‌బో ట్రౌట్‌లో ఈ బాధ్యతను రోగనిరోధక వ్యవస్థకు చెందిన జన్యువు నుంచి పుట్టిన మరో జన్యువు మోస్తోంది. కొన్ని చేపల్లో మనలాగే ఎక్స్‌వై పద్ధతి ఉంటే, మరికొన్నింటిలో కోళ్లలాగా జడ్‌డబ్ల్యూ పద్ధతి ఉంది. అంటే అక్కడ రెండు వేర్వేరు క్రోమోజోములు ఉండేది ఆడ చేపలో.

పై అధికారులు మారినా, కింది సిబ్బంది వాళ్లే

ఇన్ని రకాల స్విచ్‌లున్నా, అవి నడిపించే యంత్రాంగం మాత్రం దాదాపు అన్ని చేపల్లో ఒకటే. ప్రభుత్వం మారినా ఆఫీసులో గుమాస్తాలు మారనట్టు.

చేప పిల్లలో మొదట ఏర్పడే బీజకోశం అండాశయంగానైనా, వృషణంగానైనా ఎదగగలదు. డీఎంఆర్‌టీ1, ఏఎంహెచ్ అనే జన్యువులు దాన్ని మగ వైపు లాగుతాయి. ఫాక్స్‌ఎల్2, సీవైపీ19ఏ1ఏ అనేవి ఆడ వైపు లాగుతాయి. వీటిలో చివరిది కీలకం. అది అరోమటేస్ అనే ఎంజైమ్‌ను తయారు చేయిస్తుంది. మగ హార్మోన్లను ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌గా మార్చడం అరోమటేస్ పని. అది చురుగ్గా ఉన్నంతకాలం అండాశయం నిలుస్తుంది. ఆగిపోతే మగ జన్యువులది పైచేయి అవుతుంది.

క్షీరదాల్లో పెద్దయ్యాక శరీరం ఈ పోటీకి తలుపు దాదాపు మూసేస్తుంది. చాలా చేపల్లో ఆ తలుపు తెరిచే ఉంటుంది. లింగం మారే చేపలు చేసేది కొత్త జన్యువులను తెచ్చుకోవడం కాదు. ఉన్నవాటిలో కొన్నింటిని ఆపి, కొన్నింటిని నడపడమే. డీఎన్‌ఏ మీద మిథైల్ అనే రసాయన ముద్రలు పడినచోట సాధారణంగా జన్యువు నిద్రపోతుంది, ముద్ర తొలగితే మేల్కొంటుంది. కరీబియన్ సముద్రంలోని బ్లూహెడ్ రాస్ అనే చేప మీద 2019లో వచ్చిన అధ్యయనం దీన్నే చూపించింది. మగ చేప మాయమైతే ఆడ చేపలో ముందు అరోమటేస్ జన్యువు నెమ్మదించింది, తర్వాత ఏఎంహెచ్ పుంజుకుంది. డీఎన్‌ఏ మీద ఆ ముద్రల అమరిక కూడా మారిపోయింది. మొదటి మీట నొక్కేది ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కావచ్చని ఆ పరిశోధకుల అంచనా.

కుటుంబ పెద్ద పోతే..

అండమాన్ క్లౌన్‌ఫిష్‌లో ఆ మీటను నొక్కేది కుటుంబంలో వచ్చిన మార్పు. సీ అనిమోన్ అనే, ముళ్లలాంటి చేతులున్న జీవి మధ్య ఇవి చిన్న గుంపుగా బతుకుతాయి. గుంపులో అన్నింటికంటే పెద్దది ఆడ. రెండోది మగ. మిగతావన్నీ ఎదగకుండా వరుసలో ఎదురుచూసే చిన్న చేపలు. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది. వరుసలో తర్వాత ఉన్నది మగగా ఎదుగుతుంది.

ఈ మార్పు ప్రవర్తనలో మొదలవుతుందని జర్మనీ శాస్త్రవేత్తలు హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే 1977లోనే రాశారు. అండమాన్ నికోబార్ దీవుల క్లౌన్‌ఫిష్‌లు మొదట మగగా, తర్వాత ఆడగా మారే తీరును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు కె. మధు, రెమా మధు 2006లో ప్రచురించారు. 2019లో అమెరికా పరిశోధకులు మరో ఆసక్తికర విషయం చెప్పారు. ఆడది లేకుండా పోగానే మగ చేప మెదడు ముందుగా ఆడ చేప మెదడులా మారుతుంది. బీజకోశం మారేందుకు ఆ తర్వాత నెలల కొద్దీ సమయం పడుతుంది.

పెద్ద చేపను పట్టేస్తే ఏమవుతుంది?

గ్రూపర్‌కు విదేశీ మార్కెట్లో మంచి ధర ఉంది. అండమాన్ నుంచి ఎగుమతయ్యే చేపల్లో ఇది ముఖ్యమైనది. వేటగాడి కన్ను సహజంగానే పెద్ద చేప మీద ఉంటుంది. కానీ గ్రూపర్లలో పెద్దవే మగవి. వాటిని వరుసగా తీసేస్తే మిగిలేది ఆడ చేపలు, పిల్లలు. ఆడ చేపల్లో కొన్ని మగగా మారతాయి నిజమే. అయితే ఆ మార్పుకు సమయం పడుతుంది. వేట అంతకంటే వేగంగా సాగితే గుడ్లు ఉంటాయి కానీ వాటిని ఫలదీకరించే మగ చేపలు చాలవు.

ఇది ఊహ కాదు. అమెరికా పక్కన మెక్సికో సింధుశాఖలో గ్యాగ్ గ్రూపర్ అనే జాతిలో 1970ల్లో మగ చేపలు సుమారు 17 శాతం ఉండేవి. 1990ల నాటికి అవి 5 శాతం లోపుకు పడిపోయాయి.

పండుగప్పది తిరగేసిన లెక్క. ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనాల ప్రకారం అది మూడు, నాలుగేళ్లకు మగగా పక్వానికి వస్తుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఆడగా మారుతుంది. అంటే మన కంచంలోకి వచ్చే కిలో పండుగప్ప మగదో, ఇంకా ఎదగనిదో అయ్యుంటుంది. గుడ్లు పెట్టే తల్లులన్నీ పెద్దవే. ఈ మార్పు సమయంలో డీఎంఆర్‌టీ1, అరోమటేస్ జన్యువుల మీద మిథైల్ ముద్రలు ఆడ, మగ చేపల్లో వేర్వేరుగా ఉంటాయని 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్తించారు.

అందుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో పండుగప్పకు రెండు పరిమితులున్నాయి. 58 సెంటీమీటర్ల కంటే చిన్నదాన్ని పట్టకూడదు. 120 సెంటీమీటర్లు దాటినదాన్నీ పట్టకూడదు. చిన్న చేపను వదిలేయాలన్నది మన దగ్గర అందరికీ తెలిసిన సూత్రమే. లింగం మారే చేపల విషయంలో పెద్దదాన్నీ వదలాల్సిన అవసరం ఉంటుంది.

చెరువుల్లో ఈ జ్ఞానం ఎలా పనికొస్తోంది?

చేపల పెంపకంలో లింగాన్ని అదుపు చేయడం ఎప్పటి నుంచో ఉంది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ (సీబా) 1997లో పండుగప్ప పిల్లలను దేశంలో మొదటిసారి హ్యాచరీలో ఉత్పత్తి చేసింది. ఇలాంటి హ్యాచరీలకు ఏళ్ల తరబడి పోషించిన పెద్ద తల్లి చేపలు కావాలి. గ్రూపర్ హ్యాచరీలకు ఎదురు సమస్య. మగవి దొరకవు కాబట్టి చిన్న ఆడ చేపలకు హార్మోన్ ఇచ్చి ముందుగానే మగగా మారుస్తుంటారు.

తిలాపియాలో మగవి త్వరగా పెరుగుతాయి. ఆడవి కలిస్తే చెరువు పిల్లలతో నిండిపోయి ఏదీ ఎదగదు. అందుకే పిల్లలకు తొలి వారాల్లో మేతలో మగ హార్మోన్ కలిపి అన్నింటినీ మగవిగా చేస్తారు. ఎక్స్‌ఎక్స్ క్రోమోజోములున్న పిల్ల కూడా అప్పుడు మగగానే పెరుగుతుంది. జన్యువు చెప్పింది ఒకటి, హార్మోన్ చేసింది మరొకటి.

వేడెక్కే సముద్రం

ఈ మీట మీద ఉష్ణోగ్రత చెయ్యి కూడా పడుతోంది. చైనాలో పెంచే టంగ్ సోల్ అనే చేపలో, నీరు వేడెక్కితే జన్యుపరంగా ఆడవైన పిల్లలు కొన్ని మగగా ఎదుగుతాయి. ఆ మిథైల్ ముద్రలు తర్వాతి తరానికీ అందుతాయని 2014లో తేలింది.

అండమాన్ పగడాలు 2010, 2016 సంవత్సరాల్లో వేడికి తెల్లబడ్డాయి. సీ అనిమోన్లు కూడా ఇలాగే తెల్లబడతాయి. 2016లో ఫ్రెంచ్ పాలినేషియాలోని మూరియా దీవి దగ్గర అలా తెల్లబడిన అనిమోన్లలోని క్లౌన్‌ఫిష్‌లలో ఒత్తిడి హార్మోన్ పెరిగి, గుడ్లు పెట్టడం బాగా తగ్గిపోయింది.

లింగాన్ని మార్చుకోగలగడం ఈ చేపలకు ఇన్నాళ్లూ బీమాలా పనిచేసింది. జోడీలో ఒకటి పోతే ఇంకొకటి ఆ స్థానంలోకి వచ్చేది. కానీ ఆ స్థానంలోకి రావడానికి వరుసలో చేప ఉండాలి, మారడానికి దానికి సమయం దొరకాలి. వలలో పడే చేపను పొడవు చూసి కాకుండా, ఆ జాతి జీవితంలో అది ఏ దశలో ఉందో చూసి వదిలే నియమాలు ఆ సమయాన్ని ఇవ్వగలవు.