సబ్బులో పామాయిల్ ఉందా? రేపర్ వెనక ఈ పేరు చూడండి!

రాజమహేంద్రవరం: పామాయిల్ లేని సబ్బు కొనాలంటే ముందు రేపర్ తిప్పి చూడాల్సిందే. అక్కడ పామాయిల్ అనే మాట కనపడకపోవచ్చు. ఆ నూనెను కాస్టిక్ సోడాతో కలిపితే వచ్చేది సోడియం పామేట్. గింజ నూనెతో అయితే సోడియం పామ్ కెర్నలేట్. సన్నటి అక్షరాల్లో ఈ పేర్లుంటే అది పామాయిల్ సబ్బే. టీఎఫ్ఎం 76 శాతం దాటితే గ్రేడ్-1 అంటారు. అది కొవ్వు ఎంతో చెబుతుందే గానీ ఏ నూనో చెప్పదు.

ఇంత పట్టింపు ఎందుకంటే.. మనకొచ్చే పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాలదే. అక్కడ తోటల కోసం అడవులు నరికేశారు, ఒరాంగుటాన్లకు చోటు లేకుండా పోయింది. గోదావరి జిల్లాల్లోనూ ఆయిల్ పామ్ ఉంది, ఏలూరు జిల్లా పెదవేగిలో పరిశోధన సంస్థే ఉంది. ఇక్కడ ఎక్కువగా రైతులు సాగు భూముల్లోనే వేశారు. కానీ రేపర్ చూసి అది ఏ తోట నూనో ఎలా తెలుస్తుంది?

పక్కనే కోనసీమ కొబ్బరి ఉండనే ఉంది. సోడియం కోకోయేట్ అంటే కొబ్బరి నూనె సబ్బు. ఉప్పునీళ్లలోనూ నురగ వస్తుంది. కాకపోతే అచ్చంగా కొబ్బరి నూనెతోనే చేస్తే ఒళ్లు పొడిబారొచ్చు.

చేత్తో చేసిన సబ్బు అన్నా నమ్మేయకండి. సోప్ బేస్ కరిగించి పోసిందైతే, ఆ బేస్‌లోనే పామాయిల్ ఉండొచ్చు. అమ్మేవాళ్లను అడిగి తీసుకోండి.